నాలుగు అరచేతుల రబ్బరు

ఎలక్ట్రిక్ కారు నడిపేవాళ్ళ నోట తరచు వినిపించే మెప్పు ఒకటుంది: యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, బ్రేకు తొక్కకుండానే బండి నెమ్మదిస్తుందని. మాట నిజమే. చిక్కల్లా దాన్నుంచి చాలామంది తీసే లెక్కతోనే. మామూలు బ్రేకుకు మోటారు బ్రేకు కూడా తోడైంది కాబట్టి ఈ బండి పెట్రోలు బండి కన్నా ముందే ఆగుతుందనుకుంటారు. కానీ ఆపద వేళ కారు ఎంత దూరంలో ఆగుతుందో తేల్చేది రోడ్డును తాకే రబ్బరు. ఒక్కో టైరు కింద అది అరచేతి మేర కన్నా పెద్దగా ఉండదు.

మోటారు బ్రేకు గొప్ప ఎక్కడుందో చూడాలంటే చెన్నై శివారు పట్టాభిరామ్ నుంచి తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతి పోయే దారి చివరిదాకా వెళ్ళాలి. తిరుమల కొండ దిగడానికి వాడే మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది, 36 మలుపులది. ఒకటిన్నర టన్నుల కారు దాదాపు 700 మీటర్ల ఎత్తు నుంచి దిగితే వదిలించుకోవలసిన శక్తి మూడు యూనిట్ల కరెంటుకు కాస్త తక్కువ. పెట్రోలు కారులో అదంతా ఇంజనులోనూ బ్రేకు ప్యాడ్లలోనూ వేడిగా పోవలసిందే. గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలుంచి దిగితే ప్యాడ్లు మాడు వాసన కొట్టి, పట్టు సడలుతుంది. ఎలక్ట్రిక్ బండిలో చక్రాలు మోటారును తిప్పుతాయి, మోటారు జనరేటరుగా మారి ఆ శక్తిలో చాలా భాగాన్ని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ఏపీఎస్‌ఆర్‌టీసీ 2022 నుంచి తిరుమలకు నడుపుతున్న ఎలక్ట్రిక్ బస్సులకు దిగుడులో దక్కే లాభం ఇదే. ఇందులో ఒక మెలిక ఉంది. నిండిన బ్యాటరీ ఇంకా కరెంటు పుచ్చుకోలేదు. కొండ మీదే నూటికి నూరు శాతం చార్జి చేసుకుని దిగడం మొదలుపెడితే చాలా కార్లలో మొదటి మలుపుల్లోనే మోటారు బ్రేకు మొహం చాటేస్తుంది. ఆదాకు ఆశపడేవాళ్ళు పైన కొంచెం తక్కువగా చార్జి చేసుకోవడం మేలు.

ఘాట్ మీద జరిగేది నింపాదిగా దిగడం. హైవే మీద ముందు లారీ ఉన్నట్టుండి ఆగినప్పుడు జరిగేది వేరు. పెడల్ బలంగా తొక్కగానే చక్రాలు బిగుసుకుని జారబోతాయి, ఏబీఎస్ అడ్డుపడుతుంది. ఆ క్షణంలో చాలా ఎలక్ట్రిక్ కార్లు మోటారు బ్రేకును పక్కన పెట్టి, పనంతా డిస్కులకే అప్పగిస్తాయి. చక్రాన్ని పట్టి ఆపే బలం ఏ కారుకైనా అవసరానికి మించే ఉంటుంది. కొరత పడేది చక్రానికీ రోడ్డుకూ మధ్య పట్టు. బడి ఫిజిక్సు లెక్కతోనే ఇది తేలుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో, ఘర్షణ గుణకం 0.8 ఉన్న పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక కారు సుమారు 32 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు మీద ఆ గుణకం 0.5కు పడితే 50 మీటర్లు. మంచు గడ్డ మీద 0.1 అయితే 250 మీటర్లు. ఇందులో మోటారుకు గానీ బ్యాటరీకి గానీ చోటే లేదు. ఆఖరికి బండి బరువు కూడా లెక్కలో కొట్టుకుపోతుంది. బరువు పెరిగితే ఆపవలసిన శక్తీ పెరుగుతుంది, నేల మీద ఒత్తిడీ పెరుగుతుంది. అయితే నిజం రబ్బరు పుస్తకంలోని రబ్బరంత బుద్ధిగా ఉండదు. భారం పెరిగే కొద్దీ దాని పట్టు అదే పాళ్ళలో పెరగదు. అందుకే బ్యాటరీ బరువు మోసే కార్లకు వెడల్పాటి, ఎక్కువ భారం తట్టుకునే టైర్లు వేస్తారు.

ఆగే దూరాన్ని తేల్చేది టైరేనన్న మాటకు గట్టి అభ్యంతరం ఒకటి 2018లో అమెరికాలో దొరికింది. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక టెస్లా మోడల్ 3ని పరీక్షిస్తే గంటకు 60 మైళ్ళ వేగం నుంచి ఆగడానికి 152 అడుగులు పట్టింది. పత్రిక ఆ లోపాన్ని బయటపెట్టాక కంపెనీ ఇంటర్నెట్ ద్వారా సాఫ్ట్‌వేర్ మార్చింది, అదే కారు 133 అడుగుల్లో ఆగింది. టైరు మారకుండానే 19 అడుగులు మిగిలాయి కదా, మరి అంతా టైరేనంటారేమిటి? అనొచ్చు. కానీ ఆ సాఫ్ట్‌వేర్ సరిదిద్దింది ఏబీఎస్ తీరును. టైరులో ముందే ఉండి వాడుకోకుండా మిగిలిపోయిన పట్టును అది వాడుకుంది, కొత్త పట్టును పుట్టించలేదు. మోటారు బ్రేకుకు న్యాయంగా ఇవ్వవలసిన మార్కు ఒకటుంది: కాలు యాక్సిలరేటర్ నుంచి బ్రేకుకు మారే ఆ అర సెకనులోనే బండి నెమ్మదించడం మొదలవుతుంది. చెన్నై శివారు ఆవడి రద్దీలో అది చిన్న లాభమేమీ కాదు.

టైరు మాట ఎంత గట్టిదో చలి దేశాల్లోని మనవాళ్ళకు బాగా తెలుసు. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కన్నా తగ్గితే మామూలు టైరు రబ్బరు బిర్రబిగుస్తుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది, దాని మీది సన్నని కోతలు మంచును కరిచి పడతాయి. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా కార్లకు వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఎలక్ట్రిక్ కారుకు ఆ అవసరం ఇంకా ఎక్కువ. చల్లబడిన బ్యాటరీ కూడా నిండిన బ్యాటరీలాగే కరెంటు పుచ్చుకోనంటుంది. కంటికి ఆనని పల్చటి మంచు పొర మీద యాక్సిలరేటర్ నుంచి కాలు తటాలున తీస్తే, మోటారు బిగింపుకే చక్రం జారవచ్చు. నాలుగు చక్రాలకూ మోటారు శక్తి ఉందన్న ధీమా బయల్దేరడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు.

మరి మెత్తని రబ్బరు, ఇన్ని కోతలు ఉన్న ఆ టైరు మన వానకూ మంచిదే కదా? కాదు. కార్తీకంలో కూడా తిరువళ్లూరు రోడ్డు 7 డిగ్రీల దరిదాపులకు రాదు. ఆ వేడికి వింటర్ టైరు మరీ మెత్తబడి, గాళ్ళ మధ్య దిమ్మెలు అటూ ఇటూ వంగి, ఆగే దూరం పెరుగుతుంది, టైరూ తొందరగా అరుగుతుంది. మనకు ప్రమాదకరమైన రుతువు వేరే: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. నిలిచిన నీటి మీద వేగంగా పోయే టైరు ఆ నీటిని గాళ్ళలోంచి వెళ్ళగొట్టలేకపోతే నీటి మీద తేలుతుంది. అప్పుడు బ్రేకు, స్టీరింగు రెండూ ఉత్తవే. చట్టం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉంటే చాలంటుంది, గాళ్ళ అడుగున ఉండే చిన్న దిమ్మె దాకా టైరు అరిగితే ఆ హద్దు వచ్చినట్టే. కానీ నీటిని తోసే సత్తువ అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. వానాకాలానికి ముందు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చడం నా ఉద్దేశంలో దుబారా కాదు. ఎలక్ట్రిక్ కారు బరువుకూ, ఆగి ఉన్నచోట నుంచే దూకే దాని బలానికీ టైర్లు త్వరగా అరుగుతాయి కూడా. పైగా మోటారే పని చేసిపెడుతుంటే డిస్కులు వాడుక లేక తుప్పు పడతాయి. ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.3 కారు వెనక చక్రాలకు పాతకాలపు డ్రమ్ము బ్రేకులు పెట్టడానికి ఇదొక కారణం. అప్పుడప్పుడు ఖాళీ రోడ్డు చూసుకుని బ్రేకు గట్టిగా తొక్కితే డిస్కులు శుభ్రపడతాయి.

విచిత్రమేమంటే చెన్నై చుట్టుపక్కలే టైర్ల ఫ్యాక్టరీలు ఉన్నాయి: అరక్కోణంలో ఎంఆర్ఎఫ్, తిరువళ్లూరు జిల్లా తేర్వాయ్ కండిగైలో మిషెలిన్, శ్రీపెరుంబుదూరు వైపు జేకే, సియట్, అపోలో. కానీ టైర్ల షాపులో అడిగే మొదటి ప్రశ్న ధర, ఎలక్ట్రిక్ కారు వాళ్ళదైతే రెండో ప్రశ్న రేంజి, అంటే ఒక్క చార్జికి బండి ఎంత దూరం పోతుందని. రేంజి పెరగాలంటే టైరు తేలిగ్గా దొర్లాలి. తడి రోడ్డు పట్టు వేరే గుణం, సిలికా కలిపిన మంచి రబ్బరులోనే ఈ రెండూ కుదురుతాయి. ఐరోపాలో టైరు మీద అంటించే లేబుల్ ఈ రెండింటికీ విడివిడిగా A నుంచి E దాకా గ్రేడులిస్తుంది. మన దేశంలో 2022లో తెచ్చిన నిబంధన తడి పట్టుకు కనీస ప్రమాణం పెట్టింది గానీ, ఆ కనీసాన్ని ఏ టైరు ఎంత దాటిందో కొనేవాడు షాపులో పోల్చి చూసుకోలేడు. టైర్లకిచ్చే ఇంధన పొదుపు స్టార్లు చెప్పేది దొర్లుడు సంగతే. లక్షలు పోసి బ్యాటరీ సామర్థ్యాన్ని యూనిట్ల లెక్కన పోల్చి కారు కొనే మనిషి, వానలో ఎంత దూరంలో ఆగుతుందో మాత్రం షాపువాడి మాట మీదే నమ్మవలసి వస్తోంది.