మంచాన్ని కదిపే గుండె

ముల్లు తిరిగే పాతరకం బరువు మిషను దొరికితే దాని మీద ఎక్కి, ఊపిరి బిగబట్టి, కదలకుండా ముల్లు వంకే చూడండి. అది నిలకడగా ఉండదు, సన్నగా వణుకుతుంటుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే వణుకూ నాడీ ఒకే లయలో నడుస్తున్నాయని తెలిసిపోతుంది. జె.డబ్ల్యు. గోర్డన్ అనే ఆయన ఈ వణుకు గురించి 1877లో ఒక శరీరశాస్త్ర పత్రికలో రాశాడు. అంతటితో ఊరుకోలేదు. తేలికపాటి మంచాన్ని తాళ్లతో పైకప్పుకి వేలాడగట్టి, మనిషిని దాని మీద పడుకోబెట్టాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా మంచం కదిలింది.

తొమ్మిదో తరగతిలో నేను న్యూటన్ మూడో సూత్రం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, మా నానమ్మ పరుపు కింద ఏదో పట్టీ పెట్టారు. ఒంటికి ఏమీ తగిలించలేదు. అయినా డల్లాస్‌లో ఉన్న మా అత్త ఫోన్లో నానమ్మ గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో, రాత్రి ఎన్నిసార్లు లేచిందో కనిపిస్తుంది. అదెలా సార్?" జవాబు అప్పటికే నల్లబల్ల మీద ఉంది. చర్యకు సమానమైన ప్రతిచర్య.

రేవులో పడవ మీంచి గట్టు మీదికి దూకితే పడవ వెనక్కి పోతుంది కదా. గుండె ప్రతిసారీ దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బృహద్ధమనిలోకి విసురుతుంది. ఆ రక్తం మొదట తల వైపు ఎగుస్తుంది, శరీరం కాళ్ల వైపు జరుగుతుంది. వెంటనే ధమని వంపు తిరుగుతుంది, రక్తం కడుపు వైపు మళ్లుతుంది, శరీరం ఈసారి తల వైపు కదులుతుంది. కిందికి దూకే రక్తం జోరు తగ్గగానే మళ్లీ కాళ్ల వైపు. ఈ మూడు కుదుపులకీ వరసగా ఐ, జె, కె అని పేర్లు. అన్నిటికన్నా పొడుగైనది జె.

ఎంత కదులుతుందో లెక్క కట్టి చూడొచ్చు. 70 గ్రాముల రక్తం 10 సెంటీమీటర్లు పైకి జరిగిందనుకుందాం. మనిషి బరువు 60 కిలోలు. ఏ అడ్డూ లేకుండా తేలుతుంటే ఆ శరీరం మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త ఎక్కువ కిందికి జరగాలి. కంటికి ఆనదు. కానీ పట్టుకోలేనంత చిన్నదేమీ కాదు.

దాన్ని గట్టిగా పట్టుకున్నవాడు ఐజాక్ స్టార్. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వైద్యుడు. వేలాడే మంచంతో ఒక చిక్కుంది: ఒకసారి కదిపితే అది తన లెక్కన తాను ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపు గుండె కుదుపుతో కలిసిపోతుంది. స్టార్ మంచానికి బిగువైన స్ప్రింగు అడ్డం పెట్టాడు. మంచం కదలడమే గగనమైంది, కానీ ఆ కదిలిన కాస్తా గుండె చెప్పినట్టే కదిలింది. దాన్ని ఎన్నో రెట్లు పెంచి గీతగా తీశాడు. కదలికని కొలవడానికి కదలనివ్వని మంచం కట్టడం! ఈ యంత్రం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఎత్తు ఇదే. 1939లో అచ్చయిన ఆయన వ్యాసంలో దీని పేరు బాలిస్టోకార్డియోగ్రామ్.

ఆ గీత నిజంగా దేన్ని కొలుస్తోంది? తేల్చుకోవడానికి స్టార్ శవపరీక్ష గదికి వెళ్లాడు. మృతదేహాన్ని మంచం మీద ఉంచి, గుండె చేసే పనిని సిరంజిలతో తానే చేసి, తెలిసిన పరిమాణంలో, తెలిసిన వేగంతో రక్తాన్ని ధమనుల్లోకి పంపాడు. ఎంత రక్తం వెళ్లిందన్న దానికన్నా గుండె ఎంత ఊపుతో తోసిందన్నదే గీతలో బాగా కనిపిస్తుందని తేలింది. పైగా ఆరోగ్యవంతుల తొలి గీతలు దాచి, వాళ్లని ఇరవై ఏళ్లు గమనించి 1961లో ఫలితం ప్రకటించాడు. మొదట్లో అలలు చిన్నవిగా ఉన్నవాళ్లే తర్వాత ఎక్కువగా గుండెజబ్బుల పాలయ్యారు.

ఇంత చేసినా ఈసీజీ ముందు మంచం ఓడిపోయింది. ఈసీజీకి చిక్కేది గుండెకి అందిన విద్యుత్ ఆజ్ఞ, మంచానికి చిక్కేది గుండె చేసిన పని. నన్నడిగితే రెండోదే విలువైన సమాచారం. కానీ ఈసీజీ ఏ ఊళ్లో తీసినా ఒకేలా ఉంటుంది. మంచం ఒక్కో ప్రయోగశాలలో ఒక్కో రకం, గీత ఒక్కో రూపం. రోగి ఊపిరి పీల్చినా, దగ్గినా, వీధిలో లారీ వెళ్లినా గీత చెదిరిపోయేది. తర్వాత అల్ట్రాసౌండ్‌తో గుండెని నేరుగా చూసే వీలొచ్చింది. మంచాలు మూలపడ్డాయి.

ఆసుపత్రిలో దాన్ని ఓడించిన ఆ లక్షణమే ఇంట్లో దానికి మళ్లీ ప్రాణం పోసింది. ఊపిరి, దగ్గు, గురక, పక్కకి ఒత్తిగిలడం, మంచం దిగడం, స్టార్‌కి ఇవన్నీ అడ్డంకులు. ఒంటరిగా ఉండే పెద్దావిడ గురించి కూతురికి కావలసిన కబుర్లు సరిగ్గా ఇవే.

క్లాసులో చేసి చూశాం. కోఠిలో కొన్న పీజో బిళ్లని ప్లైవుడ్ చెక్కకి అంటించి, పైన పరుపు వేసి, ఒక కుర్రాణ్ణి పడుకోమన్నాం. పీజో పదార్థం మీద ఒత్తిడి మారితే సన్నటి విద్యుత్తు పుడుతుంది. దాన్ని పెంచి లాప్‌టాప్ తెర మీద చూస్తే నింపాదిగా లేచి పడే పెద్ద అల, దాని వీపు మీద గబగబా వచ్చే చిన్న అలలు. పెద్దది ఊపిరి, నిమిషానికి 12 నుంచి 20. చిన్నవి గుండె. సీలింగ్ ఫ్యాను అదురు కూడా కలిసింది, ఆపేస్తే పోయింది. కుర్రాడు నవ్వాడు, తెరంతా గజిబిజి. పరుపు కింది పట్టీ చేసేదీ ఇదే: నెమ్మది అలని ఒక పక్కకి, వేగం అలల్ని మరో పక్కకి వడకట్టి, జె శిఖరాల మధ్య ఎడం లెక్కపెట్టడం. గజిబిజి ఎక్కువైతే మనిషి కదిలినట్టు. కాసేపు ఊపిరి అల ఆగి, ఆపైన ఒక్కసారిగా పెద్దదై లేస్తే నిద్రలో శ్వాస ఆగుతోందేమోనని అనుమానించాలి.

నిద్ర సంగతి మాత్రం జాగ్రత్తగా చదవాలి. నిద్ర పరీక్షశాలలో తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు తరంగాలు చూస్తారు. పట్టీకి మెదడు కనిపించదు. గాఢనిద్రలో ఊపిరి సమంగా, కలల నిద్రలో ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి ఊహిస్తుంది. వయసుతో గాఢనిద్ర ఎలాగూ తగ్గుతుంది. "నిన్న నీకు గాఢనిద్రే లేదటమ్మా" అని విదేశం నుంచి ఫోన్ చేసి ఆవిణ్ణి కంగారుపెట్టడం అన్యాయం. చూడాల్సింది ఊపిరి లెక్క. ఆవిడ మామూలు లెక్కకన్నా అది వరసగా కొన్ని రాత్రులు పెరుగుతుంటే ఛాతీలో ఇన్‌ఫెక్షనో, గుండె బలహీనపడటమో మొదలై ఉండొచ్చు. డాక్టరుకి చూపించాలి.

మంచం పట్టీగా మారిన కథ ఇలా నడిచింది. ఫిన్లాండ్‌లో కారి కిర్యవైనెన్ ఒత్తిడికి స్పందించే పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము కనిపెట్టాడు. పరుపు పట్టీలు చేసే ఆ దేశపు బెడిట్ కంపెనీని ఆపిల్ 2017లో కొనేసింది. ఐఐటీల్లో చదివిన కుర్రాళ్లు బెంగళూరులో డోజీ అనే కంపెనీ మొదలుపెట్టారు. కోవిడ్ రోజుల్లో ఆ పట్టీలు ఆసుపత్రి మంచాలకీ ఎక్కాయి.

పట్టీకి మంచం వరకే తెలుసు. వేసవిలో నానమ్మ వరండాలో చాప పరుచుకుంటే దానికి మంచం ఖాళీ. బాత్రూంలో కాలు జారి పడినా అంతే. ఆ ఖాళీ నింపడానికి ఎంఐటీలో దీనా కటాబీ బృందం రేడియో తరంగాల దారి పట్టింది. గదిలో ఒక పెట్టె పెడితే మనిషికి తగిలి తిరిగొచ్చే తరంగాల్లోంచి ఊపిరినీ గుండెనీ నడకనీ అది లెక్కిస్తుంది. ఆ తరంగాలు కొలిచేదీ ఊపిరికీ గుండెదెబ్బకీ ఒళ్లు కదిలే ఆ కొంచెపు కదలికనే.