కార్డు ఉంటే సరిపోదు, వైద్యమిత్రను కలవాలి

అనంతపురం: ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలివిడతగా ప్రారంభమైన 3 జిల్లాల్లో కరువు జిల్లా అనంతపురం ఒకటి. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. కార్డు ఉన్నా, ఆసుపత్రిలో ఎవరిని అడగాలో తెలియక అప్పు చేసే కుటుంబాలున్నాయి. అందుకే నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన వైద్యమిత్రలుంటారు. పేరు నమోదు చేయడం, డాక్టరు దగ్గరికి పంపడం, ట్రస్టు అనుమతి వచ్చిందో లేదో చూడడం, డిశ్చార్జి దాకా కనిపెట్టుకొని ఉండడం వారి పని. అత్యవసరమైతే ఫోన్‌లోనే అనుమతి తీసుకునే వీలుంది.

డబ్బు కట్టకముందే వారిని కలవండి. కార్డులో ‘షేక్’, ఆధార్‌లో ‘ఎస్‌.కె.’ అని ఉంటే ముందే సరిచేయించుకోండి. డిశ్చార్జి కాగితం దాచుకోండి, మళ్లీ చూపించుకోవడానికి అదే ఆధారం. అనుమానముంటే 104కు ఫోన్ చేయండి.