బ్రేకు వేస్తే బండి పక్కకి పోతోందా?

పొద్దున్నే పిల్లల్ని బడి దగ్గర దింపి, అటునుంచటే ఆఫీసుకో, రైతుబజారుకో కారు తీసుకెళ్లే ఇల్లాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. రోజూ తోలే బండి కాబట్టి దాని తీరులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ముందుగా మీ చేతికే తెలుస్తుంది. కానీ "బండి పక్కకి లాగుతోందండీ" అంటే శ్రీవారు "నీ భ్రమ" అంటారు. మెకానిక్ "రోడ్డు వాలుంటుంది కదమ్మా, అంతే" అని తేల్చేస్తాడు.

మెకానిక్ మాటలో కొంత నిజం లేకపోలేదు. వాన నీళ్లు నిలవకుండా రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. మనం ఎడమపక్కన తోలుతాం గనక కారు కొద్దిగా ఎడమకి జారడం సహజమే. మరి చదునైన చోట కూడా జారితేనో? వాలుకి ఎదురుగా కుడికి లాగితేనో? అది రోడ్డు తప్పు కాదు, బండి తప్పే.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఎప్పుడు లాగుతోంది? మామూలుగా పోతున్నప్పుడా, బ్రేకు తొక్కినప్పుడు మాత్రమేనా? ఆదివారం పొద్దున్నే జనం లేని చదును మైదానానికి, బండి సంగతి తెలిసినవారిని వెంటబెట్టుకుని వెళ్లండి. గంటకి 30, 40 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్‌ని వేళ్లతో తేలిగ్గా పట్టుకుని చూడండి. చేతులు పూర్తిగా వదిలేయకండి సుమా! తర్వాత అదే వేగంలో బ్రేకు నెమ్మదిగా తొక్కండి. ఈ రెంటిలో ఎక్కడ తేడా వచ్చిందో గుర్తు పెట్టుకుంటే సగం పని అయినట్టే.

గాలి సంగతి ముందు

మామూలుగా పోతున్నప్పుడే లాగుతోందంటే మొదట టైర్లలో గాలి చూపించండి. గాలి తగ్గిన ముందు టైరు వైపుకే బండి మొగ్గుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద అంటించి ఉంటుంది. తిరిగి తిరిగి టైర్లు వేడెక్కాక చూస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది. అందుకే ఇంటికి దగ్గర్లో ఉన్న బంకులో, పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూపించుకోవాలి.

గాలి సరిగ్గానే ఉన్నా లాగుతుంటే ముందు టైర్లు రెండింటినీ అటుదిటు మార్పించండి. అప్పటిదాకా ఎడమకి లాగిన బండి కుడికి లాగడం మొదలెడితే దోషం టైరులోనే ఉంది. (టైరు పక్కన తిరిగే దిక్కు చూపే బాణం గుర్తుంటే ఈ మార్పిడి పనికిరాదు.) మార్చినా తేడా రాకపోతే అప్పుడు వీల్ అలైన్‌మెంట్. గుంతలో చక్రం గట్టిగా పడినా, ఫుట్‌పాత్ అంచుకి గుద్దుకున్నా అలైన్‌మెంట్ తప్పుతుంది. టైరు ఒక అంచే అరిగిపోతుంటే అది దాని ఆనవాలు. అయితే, బాల్ జాయింట్లు, బుష్‌లు వదులుగా ఉంటే ముందు అవి సరిచేశాకే అలైన్‌మెంట్ చేయించాలి. లేకపోతే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

బ్రేకులో ఉంటే...

ఇక బ్రేకు తొక్కినప్పుడే పక్కకి పోతుంటే దాన్ని రేపటికి వాయిదా వేయకండి. నెమ్మదిగా పోతున్నప్పుడు చిన్న లాగుడే కదా అనిపిస్తుంది. కానీ వేగం రెట్టింపయితే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి కావాల్సిన దూరం నాలుగు రెట్లవుతుంది. వానలో, ఎదురుగా లారీ వస్తుండగా గట్టిగా తొక్కాల్సి వస్తే ఆ చిన్న లాగుడే బండిని పక్క వరసలోకి విసిరేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బ్రేకు వేస్తే బండి కుడికి పోతోందంటే అందరూ కుడి చక్రాన్నే విప్పమంటారు. నిజానికి కుడి చక్రం తన పని తాను చేస్తుండవచ్చు, పట్టు తప్పింది ఎడమది కావచ్చు. కావడి మోసేవాడికి ఒకవైపు బరువు తగ్గితే రెండోవైపు ఒరిగినట్టన్నమాట. ఎడమ కాలిపర్‌లో పిస్టను బిగుసుకుపోయినా, ప్యాడ్ల మీద గ్రీజో నూనో పడినా ఇలాగే జరుగుతుంది. నూనె పీల్చిన ప్యాడ్లని కడిగి వేస్తానంటే ఒప్పుకోకండి, మార్చాల్సిందే.

దీనికి విరుద్ధమైనది ఇంకోటుంది. పాదం తీసేసినా ఒక చక్రం బ్రేకు వదలదు. అప్పుడు బ్రేకు వేయకపోయినా బండి ఆ పక్కకే లాగుతుంది, మైలేజీ పడిపోతుంది, కాలిన వాసన కూడా వస్తుంది. ఓ పది నిమిషాలు, బ్రేకు పెద్దగా వాడకుండా తోలి ఆపండి. పెనం కాలిందో లేదో పైన అరచేయి ఆడించి చూసుకుంటాం కదా, అలాగే చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి. తాకకండి, డిస్క్ నిలువునా కాలుస్తుంది! రెండు ముందు చక్రాల్లో ఒకటి సెగలు కక్కుతుంటే దొంగ దొరికినట్టే. ముందువాటికన్నా వెనకవి చల్లగా ఉండటం మాత్రం మామూలే.

ఆ చక్రానికి బ్రేకు ఎందుకు వదలడం లేదో మెకానిక్ చూడాలి. కాలిపర్ జారే పిన్నులు తుప్పు పట్టి ఉండొచ్చు, లేదా రబ్బరు గొట్టం లోపల వాచి ఉండొచ్చు. ఈ గొట్టం పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. మన కాలి బలంతో నూనె దాన్లోంచి అటు పోతుంది గానీ, వెనక్కి రావడానికి అంత బలం ఉండదు. చక్రం బిగిసి ఉండగా బ్లీడింగ్ నిపుల్ వదులు చేయమనండి. చక్రం వెంటనే తిరిగితే ఒత్తిడి లోపల చిక్కుకున్నట్టు, గొట్టాన్ని అనుమానించాలి. అప్పటికీ తిరక్కపోతే కాలిపర్ సంగతే చూడాలి. ఈ ఒక్క పరీక్షతో అనవసరంగా కాలిపర్ కొనే ఖర్చు తప్పొచ్చు.

వానాకాలంలో నీటి గుంతలోంచి వచ్చాక కాసేపు బ్రేకులు అటూ ఇటూగా పట్టడం జబ్బు కాదు. వెనక ఎవరూ లేనప్పుడు నెమ్మదిగా పోతూ తేలిగ్గా నాలుగైదుసార్లు తొక్కితే ఆరిపోతాయి. అలాగే బ్రేకు వేస్తే పక్కకి లాగకుండా స్టీరింగ్ గడగడలాడితే అది డిస్కుల గొడవ, వేరే కథ.

"మా కారుకి ఏబీఎస్ ఉందండీ, ఇవన్నీ మాకెందుకు?" అంటారేమో. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నింటికీ అది తప్పనిసరే. కానీ చక్రాలు బిగుసుకుని బండి జారిపోకుండా చూడటమే దాని పని. పట్టని ప్యాడ్‌ని పట్టించడం దానివల్ల కాదు.

బ్రేక్ ఆయిల్ డబ్బా మీద కనిష్ఠ, గరిష్ఠ గీతలుంటాయి, అప్పుడప్పుడు చూస్తుండండి. అది గాలిలో చెమ్మని పీల్చుకునే రకం. ఆవకాయ జాడీలా మూత బిగించి ఉంచాలి, కారు పుస్తకంలో చెప్పిన గడువుకి మార్పించాలి. మట్టం తగ్గుతుంటే పోసేసి ఊరుకోకండి. ప్యాడ్లు అరుగుతున్నాయో, ఎక్కడైనా కారుతోందో తేల్చాలి. పెడల్ మెత్తగా లోపలికి దిగబడినా, ఎర్ర దీపం వెలిగినా బండిని షెడ్డుదాకా తోలుకెళ్లే ధైర్యం చేయకండి. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

షెడ్డులో "ఏదో తేడాగా ఉంది" అనకుండా, "40లో పోతూ బ్రేకు తొక్కితే కుడికి పోతోంది, మామూలుగా పోతే తిన్నగానే ఉంది" అని చెప్పి చూడండి, మాట్లాడే తీరే మారిపోతుంది. ప్యాడ్లు ఒక పక్కవి మార్చి పైసలు మిగిల్చానంటే మాత్రం ససేమిరా అనండి. ఒకే ఇరుసుకి రెండు పక్కలా కలిపి మార్చకపోతే మళ్లీ లాగుడే. పాత ప్యాడ్లు అడిగి చూడండి, ఒకటి పలచగా, ఇంకొకటి మందంగా ఉంటే పిన్నులు శుభ్రం చేశాడో లేదో కనుక్కోండి. డబ్బులిచ్చే ముందు మెకానిక్‌ని పక్కసీట్లో కూర్చోబెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద మీరే తోలి, మీరే బ్రేకు తొక్కి చూసుకోండి.