వన్స్ మోర్... ఆ పద్యం మళ్లీ!

కథ తెలుసు. మాట తెలుసు. ముగింపూ తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. ఎందుకంటే వాళ్లు నాటకం చూడ్డానికి రాలేదు... వినడానికి వచ్చారు. వినడానికే కాదు, లోలోపల తామూ పాడుకోవడానికి!

రాత్రి పది దాటింది. ఊరి గుడి ముందు పందిరి. తెర లేచేసరికి పాన్పు మీద శ్రీకృష్ణుడు నిద్రపోతున్నాడు. తలవైపు ఆసనంలో మీసం మెలేస్తూ దుర్యోధనుడు. కాళ్ల దగ్గర చేతులు కట్టుకుని అర్జునుడు. కృష్ణుడు కళ్లు తెరిచి ముందు ఎవరిని చూస్తాడో ముందు వరసలో చాప మీద కూర్చున్న చిన్నపిల్లలకు కూడా తెలుసు. హార్మోనియం మీద శృతి అందుకుంది. కృష్ణుడు ఇంకా నోరు తెరవలేదు. పందిరి కింద మాత్రం అప్పటికే వందల పెదవులు కదులుతున్నాయి. 'ఎప్పుడొచ్చావు బావా, ఇంటిల్లిపాదీ కులాసాయేనా' అని దుర్యోధనుణ్ని పలకరించే పద్యం అది. పాడటం పూర్తయిందో లేదో, వెనక నుంచి ఈల. ఆ వెంటే కేక... వన్స్ మోర్!

ఇంగ్లిష్ ముక్క ఒక్కటీ రాని పెద్దలకు కూడా వచ్చిన ఇంగ్లిష్ మాట అది. తెలుగు పద్యనాటకం పల్లెలకు నేర్పిన మాట.

పడమటి దేశాల్లో పాటల నాటకం అంటే టికెట్టు కొని, చప్పుడు చేయకుండా కూర్చుని చూసే వ్యవహారం. మన దగ్గర అలా కాదు. నటుడు ఎంతసేపు పాడాలో, ఎన్నిసార్లు పాడాలో తేల్చేది జనం. అది ఈ నాటకానికి ప్రాణం పోసింది. కొన్నిసార్లు ప్రాణం మీదకూ తెచ్చింది.

బళ్లారిలో మొలక

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ధార్వాడ నుంచి వచ్చిన నాటక కంపెనీలు తెలుగు నేల మీద తిరిగాయి. వాళ్ల పాటలు, తెరలు, మెరుపు దుస్తులు చూసి మనవాళ్లకు కన్ను కుట్టింది. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం నాటకాలు ఆడించారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'చిత్రనళీయం'తో మొదలుపెట్టి, నాటకంలో పద్యాలూ పాటలూ పాడే పద్ధతికి పెద్దపీట వేశారు. 'ఆంధ్ర నాటక పితామహుడు' అన్న బిరుదు ఆయనదే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన కుటుంబ నాటక సమాజం సంగతి వేరే చెప్పాలా? అక్కడ పిల్లలు ఉయ్యాల్లోనే పద్యం వింటూ పెరిగారు.

చిలకమర్తి 'గయోపాఖ్యానం', ముత్తరాజు సుబ్బారావు 'శ్రీకృష్ణ తులాభారం', బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్రీయం', కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి'... ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. అన్నింటికంటే ఎక్కువ గొంతుల్లో నిలిచింది మాత్రం తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు'. నిజానికి అవి రెండు నాటకాలు. రెంటినీ కలిపి, నచ్చినవి ఉంచి, మిగతావి తగ్గించి 'కురుక్షేత్రం' అనో 'కృష్ణరాయబారం' అనో ఆడేస్తారు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి ఇద్దరూ ఊరూరా శతావధానాలు చేసిన ఉద్దండులు. అంతటి పండితులు నాటకానికి వచ్చేసరికి ఇంట్లో మాట్లాడుకునే తెలుగును పద్యంలోకి దించారు. అందుకే కోస్తా జిల్లాల్లో బావగారు గుమ్మంలో అడుగు పెడితే ఆ పడక సీను పద్యం ఎత్తుకునే బామ్మర్దులు ఒకప్పుడు వీధికొకరు ఉండేవారు.

గొంతుకు తగిన కొలత

బడి గడప తొక్కనివారికి కూడా ఆ పద్యాలు అలా నోటికి ఎలా వచ్చాయి? రాగం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. ఆ కొలతలోనే కిటుకు ఉంది. పడక సీనులోని కుశలప్రశ్న పద్యం, రాయబారంలో అర్జునుడి రథాన్ని, దాని జెండా మీద కొలువైన హనుమంతుణ్ని వర్ణించి కౌరవులను హడలెత్తించే పద్యం... రెండూ శార్దూలాలే. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు. మొదటి మూడూ గురువులు, అంటే సాగేవి. గొంతు విప్పడానికి అంతకంటే ఏం కావాలి? మొదటి మూడు అక్షరాల్లోనే నటుడు పందిరి చివరిదాకా వెళ్లిపోతాడు.

అదే రాయబారంలో ఇంకో పద్యం ఉంది. కోపమంటే ఏమిటో తెలియని ధర్మరాజుకే కోపం వస్తే ఏమవుతుందో చెప్పేది. అది చంపకమాల. పాదం మూడు లఘువులతో, పొట్టి అక్షరాలతో మొదలవుతుంది. మెల్లగా, దాదాపు చెవిలో చెప్పినట్టు ఎత్తుకుని, పోనుపోను పెంచి, చివరికి సభ దద్దరిల్లేలా చేయాలి. కవులు నటుణ్ని మనసులో పెట్టుకుని రాశారో, చెయ్యి తిరిగిన కలానికి అదే కుదిరిందో గానీ భలే కుదిరింది! ప్రతి పాదంలో రెండో అక్షరానికి ప్రాస, మధ్యలో యతి... ఒక ముక్క గుర్తుంటే రెండో ముక్క దానంతటదే వచ్చేస్తుంది. కాగితం అక్కర్లేదు.

ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు!

జనానికి పద్యం మీద యావ పెరిగేకొద్దీ నాటకం రూపమే మారిపోయింది. కాంట్రాక్టు నాటకాలు పుట్టాయి. కాంట్రాక్టరు ఒక ఊరి నుంచి కృష్ణుణ్ని, ఇంకో ఊరి నుంచి దుర్యోధనుణ్ని పిలిపించేవాడు. రిహార్సల్ ఉండదు. ఎవరి పద్యాలు వాళ్లకు వచ్చు, ఎదుటివాళ్లవీ వచ్చు. నేరుగా రంగస్థలం మీదే కలుసుకునేవారు. అక్కడితో ఆగలేదు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు! పడక సీనుకు ఒకరు, రాయబారానికి మరొకరు, యుద్ధానికి ఇంకొకరు. వాల్‌పోస్టర్ల మీద 'ఒకటో కృష్ణుడు', 'రెండో కృష్ణుడు' అని వేసేవారు. ఎవరి రాగం ఎంత దూరం వెళ్లిందో మర్నాడు టీకొట్ల దగ్గర పంచాయితీ.

షణ్ముఖి ఆంజనేయరాజు, అబ్బూరి వరప్రసాదరావు, మాధవపెద్ది వెంకట్రామయ్య, అద్దంకి శ్రీరామమూర్తి... ఒక్కొక్కరికి ఒక్కో బాణీ. కల్యాణం రఘురామయ్య వేలు నోట్లో పెట్టుకుని పద్యాన్ని ఈలగా వేస్తే వేణువు ఊదినట్టే ఉండేదట. 'ఈలపాట రఘురామయ్య' అన్న పేరు అలా వచ్చిందే. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు 'తులాభారం'లో సత్యభామగా నడిచొస్తే ఆడవాళ్లే ముక్కున వేలేసుకునేవారు. తన మాట కృష్ణుడు జవదాటగలడా అని సత్యభామ గీర పోయే పాట స్థానం వారు కట్టుకున్నదే. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో జమున కోసం సుశీల పాడారు. ఇప్పటికీ పాటల పోటీల్లో ఆడపిల్లలు పాడుతూనే ఉన్నారు. వాళ్లలో ఎంతమందికి అది మొదట చీర కట్టుకున్న ఒక మగవాడు రంగస్థలం మీద పాడిన పాటని తెలుసు?

ఈ వన్స్ మోర్ మోజులో నాటకం చాలాసార్లు మూలపడింది. ఒక్కో పద్యానికి రాగం అయిదారు నిమిషాలు. మళ్లీ పాడమని కేక. మధ్యలో చదివింపులు... ఫలానా వారు పది రూపాయలు అని మైకులో ప్రకటన. యుద్ధం దాకా రాకుండానే కోడి కూసేది. చచ్చి పడిపోయిన పాత్ర వన్స్ మోర్ విని లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ పడి చచ్చిందన్న కథ నాటకాలవాళ్లు నవ్వుతూ చెప్పుకునేదే. అందులో అబద్ధం ఎంతో గానీ, నొప్పి మాత్రం నిజం. రాగం ఎక్కువై మాట మునిగిపోతోందని బాధపడి, దారి మార్చినవారిలో పీసపాటి నరసింహమూర్తి ముఖ్యులు. ఆయన కృష్ణుడు పద్యాన్ని మాటలా విడమరిచి చెప్పేవాడు. ఎదుటివాడికి అర్థం కావాలన్న తపనతో పాడేవాడు. అలా పాడినా ఈలలు తగ్గలేదంటే జనానికి రాగమే కాదు, అర్థమూ కావాలన్నమాటేగా!

కాటిలో వినిపించిన జాషువా

పద్యాన్ని జనం సొంతం చేసుకోవడం అంటే ఏమిటో చెప్పాలంటే 'హరిశ్చంద్ర' కాటి సీనుకు రావాల్సిందే. రాజ్యం పోయి, భార్యాబిడ్డలు అమ్ముడుపోయి, తానూ అమ్ముడుపోయి, వీరబాహుడి కింద శ్మశానానికి కాపలా కాస్తుంటాడు హరిశ్చంద్రుడు. భుజాన కర్ర, ఎదురుగా చితి మంట. అక్కడ పాడే పద్యాలకు ఏడవనివాళ్లు అరుదు. డి.వి. సుబ్బారావు గొంతులో ఆ సీను కేసెట్టుగా వచ్చి పెళ్లి పందిళ్లలోనూ చావు ఇళ్లలోనూ కూడా మోగింది.

అయితే ఆ సీనులో బాగా పేరుపడ్డ పద్యాలు చాలావరకు బలిజేపల్లి వారివి కావు. గుర్రం జాషువావి. ఆయన 'శ్మశానవాటి' ఖండికలోవి. నటులు తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. అతికినట్టు సరిపోయాయి. కవి కలమైనా, రాజు ముద్రికైనా చివరికి కాలిపోయేది ఇక్కడేనని చెబుతాయవి. అంటరానితనానికి చోటులేని ఒకే ఒక్క నేల ఇదేనని కూడా చెబుతాయి. వినుకొండలో పుట్టి, కులం పేరుతో అడుగడుగునా అవమానాలు పడ్డ కవి రాసిన మాట అది. వాడల్ని, బావుల్ని వేరు చేసుకున్న ఊళ్ల నడిబొడ్డున, అదే మాట కిరీటం పోయిన రాజు నోట విని, అన్ని వరసలవాళ్లూ కన్నీళ్లు తుడుచుకుని, వన్స్ మోర్ అన్నారు. రాసిందెవరో చాలామందికి తెలియదు. మైకులో ఆ పేరు చెప్పినవాళ్లూ తక్కువే. తెలిసి ఉంటే ఆ ఈల అంత గట్టిగా వేసేవాళ్లా అన్న ప్రశ్నకు జవాబు కష్టం.

ఆగిన 'చింతామణి'

'చింతామణి'ది ఇంకో కథ. వరకట్నం మీద 'వరవిక్రయం', తాగుడు మీద 'మధుసేవ' రాసిన కాళ్లకూరి, వేశ్యావ్యసనం కొంపలు ఎలా కూలుస్తుందో చెప్పడానికి ఇది రాశారు. బిల్వమంగళుడి పద్యాలు, భవానీశంకరుడి పద్యాలు పాడనివాడు అభిమానే కాదన్న రోజులున్నాయి. రానురాను సుబ్బిశెట్టి సీనులో ఎవరికి తోచిన మోటు హాస్యం వాళ్లు కలిపారు. కొందరు అసలు పుస్తకం తెరిచిందీ లేదు. తమను వెక్కిరిస్తున్నారని ఆర్యవైశ్యులు ఎన్నో ఏళ్లు మొత్తుకున్నారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనల్ని నిషేధించింది. వాళ్ల బాధలో న్యాయం లేదనలేం. కానీ ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, కలిపిన బూతుతో పాటు రాసిన పద్యమూ ఆగింది. ఆ నాటకమే తిండి పెట్టిన నటులు, హార్మోనిస్టులు చాలామంది ఉన్నారు.

ఇంట్లో పద్యం బతికే ఉంది

తెర పడినా పద్యం ఆగదన్నది పాత అనుభవమే. మొదట గ్రామఫోను ప్లేట్లు, ఆ తర్వాత ఆకాశవాణి విజయవాడ కేంద్రం నాటకాలు, సినిమాలు. 1967 నాటి 'శ్రీకృష్ణావతారం'లో రాయబార పద్యాలను ఎన్టీఆర్ కోసం ఘంటసాల పాడాక, పందిరి కింద కూర్చోనివాళ్లకూ అవి నోటికి వచ్చేశాయి. నాటకాలవాళ్లలో కొందరు సినిమా బాణీ పట్టుకున్నారని పెదవి విరిచిన పెద్దలూ లేకపోలేదు. 1998లో మొదలైన నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి విడిగా ఒక విభాగం పెట్టారు. పోటీలో నిడివికి హద్దు ఉంటుంది. రాగం లాగడానికి లేదు. వన్స్ మోర్ అన్నా వినిపించుకోరు. నాటకం నాటకంలా ఆడటానికి అది మేలే చేసింది. ఈలలు వేసే చేతులకు మాత్రం కాస్త వెలితి.

రాయలసీమ పల్లెల్లో తిరునాళ్లకు 'కురుక్షేత్రం' కడుతూనే ఉన్నారు. పగలు పొలం పని, రాత్రి హార్మోనియం మాస్టారి దగ్గర నెలల తరబడి సాధన. దుస్తులు అద్దెకు, పద్యం సొంతానికి. ఇబ్బందల్లా ఆ మాస్టారితోనే. కొత్తగా నేర్చుకునేవాళ్లు తక్కువ. నటుడి శృతి కనిపెట్టి, అతను తప్పితే సర్దుకుని, రాగం మధ్యలో ఊపిరి అందకపోతే ఆ ఖాళీని వేళ్లతో పూడ్చే పని ఫోనులో నేర్పేది కాదు. కుర్రాళ్లు పద్యాన్ని ఫోనులో విని పట్టేస్తున్నారు. పక్కన వాయించే మనిషే కరువు.

తెల్లవారుతుంది. పందిరి విప్పుతుంటారు. ముఖాన నీలం ఇంకా పూర్తిగా వదలని కృష్ణుడు సంచీ భుజాన వేసుకుని బస్టాండు టీకొట్టు దగ్గర నిలబడతాడు. కొట్టువాడు డబ్బులు తీసుకోడు. "అదొక్కటీ మళ్లీ అనండి గురువుగారూ, రాత్రి గిరాకీతో సరిగా వినలేదు" అంటాడు. హార్మోనియం లేదు, మైకు లేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, దాని మీదే వేళ్లతో దరువేసుకుంటూ ఎత్తుకుంటాడు. పాలప్యాకెట్ల కుర్రాడు సైకిలు ఆపి నిలబడతాడు. మూడో పాదానికి వచ్చేసరికి బస్సు హారను. నాలుగో పాదం ఆ కుర్రాడే అందుకుంటాడు.