ఏ మనిషి?

ఈమధ్య వస్తున్న పర్యావరణ కవిత్వంలో 'మనిషి ప్రకృతిని కాల్చేస్తున్నాడు' అనే ధోరణి బలంగా కనిపిస్తోంది. అందులోని ఆవేదన నిజమైనదే. తెలుగు పంతులుగా నా అభ్యంతరమల్లా ఆ ఏకవచనం మీదే. ఏ మనిషి?

ఆక్స్‌ఫామ్ సంస్థ 2020లో ప్రకటించిన లెక్క చూడండి. 1990 నుంచి 2015 దాకా ప్రపంచంలో వెలువడిన కర్బన ఉద్గారాల్లో 52 శాతం, అత్యంత సంపన్నులైన 10 శాతం మంది వల్ల వచ్చినవి. అడుగునున్న సగం జనాభా వాటా 7 శాతం. 'మనిషి' అనే మాట ఈ ఇద్దరినీ ఒకే బోనులో నిలబెడుతోంది.

'తలసరి' అనే మాటా అటువంటిదే. మన దేశంలో తలసరి బొగ్గుపులుసు వాయువు సుమారు 2 టన్నులు. అమెరికాలో సుమారు 14. దేశాల మధ్య ఈ పోలిక న్యాయమైనదే. వరిమడి నుంచి వచ్చే మీథేనునూ, విలాసపు కార్ల పొగనూ ఒకే గాటన కట్టవద్దని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే వాదించారు. కాని ఆ గీత దేశం లోపల కూడా గీయాలి. విమానమెక్కే వ్యాపారినీ, ఒక్క బల్బుతో రాత్రి గడిపే కూలి కుటుంబాన్నీ కలిపి తీసిన సగటే ఆ 2 టన్నులు.

అయితే ఇక్కడొక చిక్కుంది. అసమానత తగ్గితే ఉద్గారాలూ తగ్గుతాయని మనం తొందరపడి అనేస్తాం. మార్టిన్ రవాలియన్ బృందం 2000లో ప్రచురించిన పరిశీలనలో ఇందుకు విరుద్ధమైన సంగతి తేలింది. ఆదాయం పేదల వైపు మళ్ళితే, తక్షణం ఉద్గారాలు పెరగవచ్చు. వెయ్యి రూపాయలు అదనంగా వస్తే ధనికుడు దాచుకుంటాడు. పేదవాడు ఫ్యాను కొంటాడు. అంటే, పేద దేశంలో అసమానత 'ఆదా' చేసే కర్బనం పేదలకు అందని ఫ్యాను, అందని దీపం. దాన్ని పర్యావరణ రక్షణ అనగలమా?

సంపన్న దేశాల్లో మాత్రం అసమానతతోపాటు ఉద్గారాలూ పెరుగుతున్నాయని 2017లో వెలువడిన మరో పరిశోధన చెప్పింది. దీనికి ఒక వివరణ జేమ్స్ బాయిస్ 1994లో రాసిన వ్యాసంలో దొరుకుతుంది: కాలుష్యం వల్ల లాభపడేవాడి చేతిలో అధికారం ఉండి, నష్టపోయేవాడికి నోరు లేకపోతే, కాలుష్యం ఆగదు.

కవి మిత్రులకు నా మనవి ఒకటే. గుడిసెలోని చీకటిని ప్రకృతి ప్రేమగా వర్ణించకండి. అది లేమి. ఆ ఇంట్లో దీపం వెలగాలంటే ఎవరి వాడకం తగ్గాలో, ఆ మాట రాయండి.