పురుష కంఠం - స్త్రీ పాత్ర

రంగస్థలం మీద సత్యభామగా కనబడబోయేది పురుషుడని ప్రేక్షకులకు ముందే తెలుసు. కరపత్రంలో పేరు చూసే టిక్కెట్టు కొన్నారు. అయినా సత్యభామ వచ్చి నాలుగు మాటలు పలికేసరికి ఆ సంగతి మరపున పడుతుంది. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు సత్యభామ, చింతామణి, మధురవాణి, రోషనార వేషాలతో ఆంధ్రదేశమంతటా ఇటువంటి మరపు కలిగించారు. 1956లో పద్మశ్రీ పొందారు. చీర, నగలు, ముఖానికి పూసిన రంగు కంటిని నమ్మించగలవు. మరి చెవిని నమ్మించేదేమిటి?

గొంతులోని స్వరపేటికలో రెండు స్వరతంత్రులున్నాయి. ఊపిరితిత్తుల నుండి వచ్చే గాలి వాటిని స్పందింపజేస్తుంది. బాల్యంలో ఆడపిల్లల స్వరతంత్రులకూ మగపిల్లల స్వరతంత్రులకూ చెప్పుకోదగిన భేదం లేదు. యౌవనారంభంలో మగపిల్లల వృషణాల నుండి టెస్టోస్టిరోను అనే హార్మోను అధికంగా వెలువడి స్వరపేటికను పెంచుతుంది. గొంతు ముందు ముడివలె పొడుచుకొని వచ్చేది ఆ పెరిగిన మృదులాస్థియే. పొడవు, మందం పెరిగిన తంత్రులు మెల్లగా స్పందిస్తాయి. మాట్లాడేటప్పుడు పురుషుని తంత్రులు సెకనుకు సగటున 120 సార్లు, స్త్రీ తంత్రులు 200 సార్లకు కొంచెం పైగా స్పందిస్తాయి.

ఇవి సగటులు మాత్రమే. పురుషులలో సన్నని గొంతువారు, స్త్రీలలో బొంగురు గొంతువారు ఎందరో ఉన్నారు. స్పందనలు 150, 180 మధ్య ఉన్నప్పుడు మనిషిని చూడకుండా గొంతు మాత్రమే విన్నవారు తేల్చి చెప్పలేకపోవడం సాధారణం. గొంతు మారడం ఆలస్యమైన బాలుణ్ణి తరగతిలో తోటివారు వెక్కిరించడం ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. వెక్కిరించేవారికి ఈ అంకెలు చూపడం మంచిది.

పురుషుడు శ్రుతి పెంచి పలికినంత మాత్రాన స్త్రీ కంఠం రాదు. తంత్రులను సాగదీసి, వాటి అంచులు మాత్రమే స్పందించేటట్లు చేస్తే సన్నని దొంగగొంతు వస్తుంది. కాని ఆ ధ్వని గొంతు, నోరు కలిసిన గొట్టం గుండా బయటికి రావాలి. ఈ గొట్టం పొడవు పురుషులలో సుమారు 17 సెంటీమీటర్లు, స్త్రీలలో సుమారు 14. పెద్ద బుర్ర తంబురాకూ చిన్న బుర్ర తంబురాకూ ఒకే శ్రుతి పెట్టినా నాదం ఒకటి కానట్లే, ఇక్కడ కూడా అనునాదం మారుతుంది. స్వరపేటికను కొద్దిగా పైకెత్తి, పెదవులను కొంచెం వెనక్కు లాగి పలికితే గొట్టం కొంత కురచ అవుతుంది. మిగిలినదంతా మాటల విరుపు, నిలుపు, ఒయ్యారం. ఇవి శరీరం ఇచ్చినవి కావు, సాధనతో వచ్చేవి.

నడక విషయమూ ఇంతే. 1973లో స్వీడను శాస్త్రజ్ఞుడు గున్నార్ యోహాన్సన్ మనుషుల కీళ్లవద్ద వెలుగు చుక్కలు అమర్చి, చీకటిలో ఆ చుక్కలు మాత్రమే కనబడేటట్లు చిత్రాలు తీశాడు. కదలని చుక్కలు చూపరులకు అర్థం కాలేదు. కదలగానే నడుస్తున్న మనిషి కనిపించాడు. 1977లో అమెరికాలో జరిగిన ప్రయోగాలలో ఇటువంటి చుక్కలను బట్టి నడిచేది స్త్రీయా పురుషుడా అన్నది కూడా చాలామంది పోల్చగలిగారు, పొరపాట్లూ చేశారు. భుజాలు, తుంటి కదిలే తీరులోనే ఆ ఆనవాలు ఉన్నది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామగా ప్రసిద్ధికెక్కిన వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) వంటివారు ఎన్నో ఏళ్లు సాధన చేసినది ఈ కదలికనే. వేషాన్ని బట్టి నటుని స్వభావాన్ని ఊహించడం మాత్రం పొరపాటు. అది వేరే సంగతి.

ఇటలీలో మరొక మార్గం తొక్కారు, అది క్రూరమైనది. చర్చిలలో స్త్రీలు పాడరాదన్న నిషేధం వల్ల, చక్కని గొంతున్న బాలుర వృషణాలను యౌవనం రాకముందే తొలగించేవారు. వారి స్వరతంత్రులు పెరగలేదు, ఎముకలు మాత్రం పెరిగాయి. ఎముకల చివర ఉండే పెరుగుదల ఫలకాలు మూసుకొనడానికి ఈస్ట్రోజెను కావాలి. పురుషులలో అది ఎక్కువ భాగం టెస్టోస్టిరోను నుండే తయారవుతుంది. అది లేనందున కాలుసేతులు సాగాయి, రొమ్ము విశాలమయింది. ఫలితంగా పిల్లవాని గొంతుకు పెద్దవాని ఊపిరి తోడయింది. ఇటువంటివారిలో ప్రసిద్ధుడు ఫరినెల్లీ (1705-1782). 2006లో బొలోన్యా నగరంలో ఆయన అస్థులను వెలికితీసి పరీక్షించగా, ముసలితనంలో కూడా కొన్ని ఫలకాల గుర్తులు చెరగలేదని కనిపించింది. స్పెయిను రాజాస్థానంలో ఆయన పొందిన వైభవాన్ని గురించి చాలామంది వ్రాశారు. అంతటి పేరు రాక, పోయిన శరీరభాగం తిరిగిరాక, అనామకులుగా మిగిలిన బాలురే ఎక్కువ.

1878లో పోపు పదమూడవ లియో ఇటువంటి గాయకులను కొత్తగా చేర్చుకోరాదన్నాడు. స్థానం నరసింహారావు జన్మించిన 1902లోనే గ్రామఫోను కంపెనీవారు రోములో అలెస్సాండ్రో మోరెస్కీ పాటను రికార్డు చేశారు. 1904లో మరికొన్ని తీశారు. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. ఆయన 1922లో మరణించాడు. గరగరమనే ఆ రికార్డులలో ఆ కంఠం నేటికీ వినవచ్చును.