బుల్లి రైలు తోట: ఎకరం వద్దు, సెంటు చాలు

పెరట్లో బొమ్మ రైలు తిరగడమేమిటి, దాని గురించి సేద్యం పేజీలో రాయడమేమిటి అని మీరనుకోవచ్చు. రైలు బొమ్మదే గానీ దాని చుట్టూ ఉండేది మాత్రం నిజం తోట. నిజం మట్టి, నిజం మొక్కలు, నిజం కలుపు. యూరప్, అమెరికా దేశాల్లో కొందరు తమ ఇంటి పెరట్లో చిన్న పట్టాలు వేసి, జానెడు చెట్లు పెంచి, వాటి మధ్య బొమ్మ రైలు నడుపుకొంటారు. మన దగ్గర ఈ సరదా ఉన్నవాళ్లు తక్కువే. అయితే రేపు ఓ రిసార్టు వాళ్లో, పట్నంలో ఇల్లు కట్టుకున్న ఆసామో కడియం వైపు వచ్చి ‘ఇలాంటి తోట వేసిపెడతారా’ అని అడిగితే ఏం చెప్పాలి? ఏ మొక్కలివ్వాలి? దీన్ని నమ్ముకుని నర్సరీ వేయొచ్చా? పదీ ఇరవై సెంట్లలో నర్సరీ చేసుకునే చిన్న రైతులు, కూలికి మొక్కలు కట్టే అక్కచెల్లెళ్లు తెలుసుకోవాల్సిన సంగతులివి.

చిన్న రైలు చేలోనూ నడిచింది

చిన్న పట్టాల రైలుకూ సేద్యానికీ పాత చుట్టరికం ఉంది. ఫ్రాన్సులో పారిస్‌ దగ్గర్లో పాల్ డెకోవిల్ అనే ఆసామి చక్కెర దుంపలు పండించేవాడు. 1870ల్లో తడి నేలలో దుంపల బండ్లు దిగబడిపోతుంటే, మనుషులు చేత్తో ఎత్తి మరో చోట పరుచుకోగలిగే తేలికపాటి పట్టాలు చేయించి చేలోంచి పంటను బయటకు లాగించాడు. తర్వాత ఆ పట్టాలు చెరకు తోటలకూ, గనులకూ, దేశదేశాలకూ వెళ్లాయి.

ఇక పెరటి బొమ్మ రైలు సంగతి. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో లేమన్ అనే బొమ్మల కంపెనీ, ఆరుబయట వానలో తడిసినా పాడవని రైళ్లను 1968లో ఎల్‌.జి.బి. పేరుతో అమ్మకానికి తెచ్చింది. పట్టాల మధ్య ఎడం 45 మిల్లీమీటర్లు. అమెరికాలో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో 1992 నుంచి చలికాలంలో బొమ్మ రైళ్ల ప్రదర్శన పెడుతున్నారు. అక్కడి బొమ్మ మేడలన్నీ చెట్టు బెరడు, పుల్లలు, గింజలు, ఆకులతో చేసినవే. తాటాకు, కొబ్బరి పీచు, ఎండు కాయలతో బొమ్మలు కట్టే చేతులు మన ఊళ్లలోనూ ఉన్నాయి కదా!

అసలు కిటుకు కొలతలో ఉంది

ఒకప్పుడు మనమెక్కిన మీటరు గేజి రైలు గుర్తుంది కదా. దాన్ని 22.5 వంతుల్లో ఒక వంతుకు తగ్గిస్తే ఈ బుల్లి రైలు అవుతుంది. ఆ లెక్కన అయిదున్నర అడుగుల మనిషి మూడంగుళాలుంటాడు. ముప్పై అడుగుల చెట్టు పదహారు అంగుళాల్లో ఒదగాలి.

చెట్టును పొట్టిగా ఉంచడం కష్టం కాదు, ఆకుతోనే చిక్కు. జానెడు మామిడాకును ఈ కొలతలో చూస్తే పదిహేను అడుగుల ఆకన్నమాట! రైలు పెట్టె పక్కన అలాంటి ఆకు వేలాడితే తోట అందమంతా పోతుంది. కాబట్టి ఈ తోటకు కావాల్సింది పొట్టి మొక్క ఒక్కటే కాదు; చిట్టి ఆకు, దగ్గర కణుపులు, కత్తిరిస్తే గుబురుగా లేచే గుణం ఉన్న మొక్క.

పట్టాల మడి ఇలా వేయాలి

ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు స్థలం చాలు. అంటే అరసెంటు కూడా కాదు. ఇందులో కోడిగుడ్డు ఆకారంలో 45 అడుగుల పట్టా పడుతుంది. మలుపు మరీ బిగుతుగా ఉంటే రైలు పట్టా తప్పుతుంది. రెండు చివరలా ఎనిమిది అడుగుల అడ్డకొలత వచ్చేలా తిప్పితే నిదానంగా తిరుగుతుంది.

పట్టా వచ్చే దారిలో ఎనిమిది అంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు కాలువ తీయాలి. అడుగున కంకర, పైన క్రషర్ డస్ట్ వేసి తడిపి దిమ్మిస కొట్టాలి. మొత్తం 15 ఘనపుటడుగుల సరుకు పడుతుంది. దానిపై పట్టా పరిచి, సన్న చిప్స్ పోసి సర్దాలి. అమెరికాలో కొందరు దీనికి కోళ్లకు పెట్టే రాతి నలుసు వాడతారు.

పట్టాను సిమెంటులో బిగించకండి. అది ఇత్తడిది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా వస్తే 45 అడుగుల పట్టా 8 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. బిగిస్తే వంకర పోతుంది. చిప్స్ మీద వదులుగా కూర్చోబెట్టి, అతుకుల దగ్గర సందు వదలాలి.

ఎర్ర నేలలో ఈ పని తేలిక. నల్లరేగడి అయితే జాగ్రత్త. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పట్టా ఎగుడుదిగుడవుతుంది. అలాంటి చోట కాలువను అడుగు లోతు తీసి కంకరతో నింపాలి. లేదా మట్టికి సంబంధం లేకుండా ఇటుక దిమ్మల మీద పట్టా నడపాలి.

వాలు పదడుగులకు రెండంగుళాలు మించకూడదు. మించితే ఇంజను ఈడ్వలేదు. మేస్త్రీలు వాడే నీటి ట్యూబుతో మట్టం చూసుకుంటే చాలు. చేలో నీరెటు పారుతుందో చూపుతో చెప్పగల రైతుకు ఇది కొత్త విద్య కాదు. వాన నీరు పట్టాల కిందుగా కాక పక్కగా బయటకు పోయేలా బోదె తీయండి. నీరు నిలిస్తే పట్టా కుంగుతుంది, మొక్క వేరూ కుళ్లుతుంది.

కరెంటు విషయంలో ఏమరుపాటు వద్దు. పట్టాలకు వెళ్లేది 24 వోల్టుల లోపే. దాన్ని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఇంట్లో పొడిచోటే ఉండాలి. 230 వోల్టుల తీగను తడి తోటలోకి తేనే కూడదు. బ్యాటరీతో నడిచే ఇంజనైతే ఆ బెడదే లేదు.

ఏ మొక్కలు?

అక్కడి తోటల్లో పొట్టి స్ప్రూస్ చెట్లు, నేలకు పాకే థైమ్ మొక్కలు వాడతారు. అవి చలి దేశాలవి. మన మే నెల ఎండకు తట్టుకుని నిలవవు. పుస్తకంలో బొమ్మ చూసి అవే తెప్పించమని ఎవరైనా అడిగితే, పోయే మొక్కకు డబ్బు తీసుకోవడం మంచిది కాదని నచ్చజెప్పండి. వాటికి బదులు మన దగ్గరున్నవే సరిపోతాయి.

పెద్ద చెట్ల స్థానంలో: చింత, జమ్మి, సరుగుడు, పొట్టి దానిమ్మ. చింతాకు చిట్టిది, సాయంత్రానికి ముడుచుకుంటుంది, కుండీలో ఏళ్ల తరబడి పొట్టిగా ఉంటుంది. కత్తిరించిన సరుగుడు దూరం నుంచి కొండల మీది దేవదారులా కనిపిస్తుంది. నర్సరీల్లో జేడ్ అని అమ్మే చిట్టి ఆకుల మొక్కకు నీరు పెద్దగా అక్కర్లేదు, కాడ గుచ్చితే బతుకుతుంది.

పొదలకు, కంచెలకు: మాల్ఫీజియా, పసుపు దురంత, కామిని. ఇవన్నీ కత్తెరకు లొంగే మొక్కలు.

నేలను కప్పడానికి: ఎండ ఉన్నచోట మెత్తటి కొరియన్ గడ్డి, గడ్డి గులాబీ, తేమ ఉన్నచోట సంబ్రాణి ఆకు, నీడలో పైలియా. పైలియా నర్సరీ కుండీల్లో దానంతటదే మొలిచే చిట్టి మొక్క. మనం కలుపని పీకి పారేసేది ఇక్కడ పైరవుతుంది.

రావి, మర్రి జోలికి మాత్రం పోవద్దు. కుండీలో సరే గానీ, నేలలో పెడితే వేరు పట్టాల మడినీ, పక్క గోడనూ లేపేస్తుంది.

ఎరువు తగ్గించండి, కత్తెర పెంచండి

మిగతా పంటలకూ దీనికీ తేడా ఇక్కడే. మనం మొక్క ఏపుగా రావాలని చూస్తాం. ఇక్కడ ఏపు రావడమే తప్పు. యూరియా చల్లితే ఆకు పెద్దదై, కణుపు సాగి, నెలల కష్టం వారంలో పోతుంది. ఎర్రమట్టి, ఇసుక, కొద్దిగా మాగిన పశువుల ఎరువు కలిపి పెడితే చాలు. పెద్ద చెట్ల స్థానంలో పెట్టేవాటిని కుండీతో సహా నేలలో పాతితే వేరు అదుపులో ఉంటుంది.

వానాకాలంలో పది పదిహేను రోజులకోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి కొసలు తుంచాలి. కింది కొమ్మలు తీసి మొదలు కనపడనిస్తే చిన్న మొక్క కూడా ముదురు చెట్టులా ఉంటుంది. నీరు రోజ్ క్యాన్‌తో మొక్కకే పోయండి. పైపుతో కొడితే చిప్స్ కొట్టుకుపోతాయి.

పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీరు కలిపి చల్లండి. పట్టాల మీద గోనె కప్పడం మరవొద్దు. నూనె పడితే చక్రం జారుతుంది.

అసలు శత్రువు తుంగ. ప్లాస్టిక్ షీటు పరిచినా చీల్చుకుని పైకొస్తుంది. అందుకే పట్టా వేయకముందే మడిని తవ్వి గడ్డలు ఏరిపారేయాలి. ఒకసారి నీరు పెట్టి, మొలిచినవాటిని మళ్లీ తవ్వి తీయాలి. ఈ పదిహేను రోజుల ఓపిక లేకపోతే తర్వాత ఏడాదంతా చిప్స్ మధ్య చేత్తో పీకాల్సిందే. పందికొక్కులు కూడా మడి కింద బొరియలు చేస్తాయి. గట్టు చుట్టూ చూస్తుండాలి.

లెక్క వేసుకున్నాకే అడుగు వేయండి

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మొక్కలమ్ముకుని బాగుపడొచ్చా?

మనం చెప్పుకున్న తోటలో నేల కప్పాల్సింది వంద చదరపు అడుగులనుకోండి. ఆరంగుళాల ఎడంతో నాటితే అడుగుకు నాలుగు చొప్పున 400 మొక్కలు. వాటితోపాటు చెట్ల స్థానంలో ఇరవై, పొదలు ముప్పై. ఒక తోటకు అంతే.

మీ దగ్గర ఒక సెంటు ఉంది. దారులకు సగం పోను మిగతా సగంలో నాలుగంగుళాల సంచులు పేర్చినా దాదాపు 2,000 సంచులు పడతాయి. అంటే ఒక్క సెంటు నర్సరీ అయిదు తోటలకు సరిపడా నేల మొక్కలిస్తుంది. అదే ఎకరం వేస్తే? 500 తోటలు కావాలి. ఎక్కడున్నాయవి?

అందుకే, ‘విదేశీ సరదా, వేస్తే లక్షలే’ అని ఎవరైనా మొక్కలు అంటగట్టి, తిరిగి మేమే కొంటామంటే తొందరపడొద్దు. 2012 ప్రాంతంలో ఈము పక్షుల వ్యాపారం కూలినప్పుడు ఎందరు రైతులు అప్పులపాలయ్యారో మరిచిపోకూడదు. అప్పుడూ పిల్లలను అమ్మినవాళ్లే లాభపడ్డారు, పెంచినవాళ్లు మునిగారు.

ఇందులో డబ్బంటూ ఉంటే అది సంచిలో కన్నా చేతిలో ఎక్కువుంది. మడి మట్టం చేయడం, తుంగ తీయడం, నెలనెలా కొసలు తుంచడం ఎవరో ఒకరు వచ్చి చేయాల్సిన పనులు. రైలు కొన్నవాడికి కత్తెర పట్టడం తెలియదు. మొక్కలు ఒక్కసారే కొంటాడు, కత్తిరింపు ఏడాదంతా కావాలి. కాబట్టి ఎవరైనా అడిగితే మొక్కల ధర వేరుగా, తోట వేసే కూలి వేరుగా, నెలవారీ సంరక్షణ వేరుగా చెప్పండి. కాగితం మీద రాయించుకోండి. నాటేటప్పుడు సగం సొమ్ము ముందే తీసుకోండి.

రైలు, పట్టాలు, ట్రాన్స్‌ఫార్మర్ మీరు కొనొద్దు. అవి ఖరీదైనవి. తోట వేయించుకునేవారే తెచ్చుకోవాలి. చెడిపోతే ఆ బాధ్యతా వారిదేనని ముందే తేల్చుకోండి.

ఇప్పుడేం చేయొచ్చు?

ఉన్న నర్సరీలో ఒక మూల, పాత సంచుల్లోనే మొదలుపెట్టండి. చింత, జేడ్, మాల్ఫీజియా, దురంత పది చొప్పున చిన్న కుండీల్లో పెట్టి ఏడాదిపాటు కత్తిరింపు నేర్చుకోండి. బోన్సాయ్ కొనేవాళ్లు, చిన్న కుండీలు అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. రైలు తోట అడిగేవాళ్లు రాకపోయినా ఈ మొక్కలు వాళ్లకు పనికొస్తాయి. అలా అమ్ముడుపోయే మొక్కలతోనే చేయి తిప్పుకోవాలి తప్ప, రాని రైలు కోసం నేల ఖాళీ చేసి కూర్చోకూడదు.

గుర్తుంచుకోండి

* ఆకు చిన్నది, కణుపు దగ్గరది అయిన మొక్కనే ఎంచుకోండి.
* తుంగ గడ్డలు తీశాకే పట్టాల మడి వేయండి.
* యూరియా వాడొద్దు. కొసలు తుంచడం ఆపొద్దు.
* 230 వోల్టుల తీగ తోటలోకి రానీయొద్దు.
* కొనేవాడు ఎదురుగా లేకుండా సెంటుకు మించి వేయొద్దు.
* మొక్క ధరతోపాటు మీ పనికీ ధర కట్టండి.